కొల్ల, సంచి, ఔచిత్యం: లూట్ ప్రధానమైన తుపాకి ఆటలపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగులో ‘కొల్ల’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. ‘కొల్లగొట్టడం’ అంటే దోచుకోవడం. ‘కొల్లలుగా’ అంటే సమృద్ధిగా. దోపిడి, సమృద్ధి ఒకే మాటలో ఇమిడిన ఈ తీరు నేటి వీడియో ఆటల్లోని ఒక ముఖ్య ప్రక్రియను అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. పలువురు కలిసి ఆడే తుపాకి ఆటల్లో దొరికిన సామగ్రిని ఏరుకోవడాన్ని మన యువకులు ‘లూట్’ అంటారు. హిందీ నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళిన ఈ మాట ఆటల పరిభాషగా మళ్ళీ మన ఫోన్లలోకి వచ్చింది. తెలుగులో ‘లూటీ’కి ఉన్న నింద ఈ ‘లూట్’కు లేదు. ఎవరిదో తెలియని ఇంట్లో దూరి, ఉన్నవి తీసుకోవడం ఈ ఆటల్లో తప్పు కాదు, విధి.

అయితే సామగ్రి ఎంత కొల్లలుగా దొరికినా దాన్ని మోసే సంచికి హద్దు ఉంటుంది. ఈ హద్దు సాంకేతిక నిబంధన మాత్రమే కాదనీ, ఆటలో అర్థం పుట్టే చోటు అదేననీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగునాట చాలామందికి పరిచయమైన బీజీఎంఐని ప్రధాన ఆధారంగా తీసుకుని, ఇతర ఆటలను తులనాత్మకంగా పరిశీలిస్తాను.

మూడు రకాల హద్దులు

సంచికి హద్దు విధించే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది బరువు. 2018లో మొబైల్ ఫోన్లలోకి వచ్చిన పబ్జీ, 2020 సెప్టెంబరు 2న దాన్ని భారత ప్రభుత్వం నిషేధించిన తరువాత 2021 జులైలో వెలువడిన బీజీఎంఐ ఈ కోవకు చెందినవి. ఇక్కడ సంచులు మూడు స్థాయిలవి. ప్రతి వస్తువుకూ ఒక విలువ ఉంటుంది. ఆ విలువల మొత్తం సంచి పరిమితిని దాటకూడదు. 7.62 తూటా 5.56 తూటాకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి తుపాకిని ఎన్నుకోవడమంటే సంచిలో ఎంత చోటు పోతుందో ఎన్నుకోవడం కూడా.

రెండవది గడుల లెక్క. 2009 నాటి ‘బోర్డర్‌లాండ్స్’లో చిన్న పిస్తోలుకైనా పెద్ద రాకెట్ లాంచరుకైనా ఒకటే గడి. ‘డెస్టినీ’లోనూ ఇదే పద్ధతి. మూడవది ఆకారం. ‘ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్’లో సంచి చదరపు గళ్ళ పలక వంటిది, పొడవాటి తుపాకి ఎక్కువ గళ్ళు తింటుంది, దాన్ని అడ్డంగానో నిలువుగానో తిప్పి సర్దుకోవాలి.

ఈ భేదం పైపైది కాదు. గడుల లెక్కలో వస్తువు ఒక అంకె మాత్రమే. ఆకార పద్ధతిలో అది చోటు కోరే పదార్థం. బరువు పద్ధతిలో అది ఒళ్ళు మోసే భారం. ఆటగాడికి వస్తువుతో ఉండే సంబంధాన్ని హద్దు స్వభావమే నిర్ణయిస్తున్నది.

సర్దుడులో ఔచిత్యం

11వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’లో ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా భావించాడు. మొలనూలును మెడలో వేసుకున్నవాడు నవ్వులపాలవుతాడన్నది ఆయన చూపిన దృష్టాంతం. మొలనూలు విలువైనదే, చోటు తప్పింది. ఆటలోని సంచికి ఈ సూత్రం యథాతథంగా వర్తిస్తుంది. ఇరుకు గదుల్లో పోరాడేవాడికి దూరాన్ని దగ్గర చేసే స్కోపు మెడలోని మొలనూలే.

బీజీఎంఐలో తుపాకికి తగిలించిన స్కోపు సంచిలో చోటు తీసుకోదు. విడిగా ఉంచుకుంటే తీసుకుంటుంది. అంటే వినియోగంలో ఉన్న వస్తువుకు బరువు లేదు, ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అని దాచుకున్నదానికే బరువు. తుపాకి మార్చగానే పాత తూటాలు నిష్ప్రయోజనమవుతాయి. అయినా సంచిలోనే ఉంటాయి. ప్రథమ చికిత్స పెట్టె ప్రాణశక్తిని 75 శాతం వరకే నింపుతుంది. పూర్తిగా నింపే మెడ్‌కిట్ అరుదు. ఎన్ని పెట్టెలు, ఎన్ని తూటాలు అన్న లెక్కలోనే ఆటగాడి స్వభావం బయటపడుతుంది. గాయాలను ముందే ఊహించినవాడు ఒక రకంగా, దెబ్బ తీయడమే తలచినవాడు మరో రకంగా సర్దుకుంటారు. ఏమి దొరికిందన్నది యాదృచ్ఛికం; ఏమి వదిలాడన్నది అతని నిర్ణయం. అందువల్ల సంచిలోని పాత్రచిత్రణ వదిలిన వస్తువుల ద్వారానే జరుగుతున్నది.

ఇది విసుగు పుట్టించే పద్దుల పని, దీనిలో కళ ఏముందన్న ఆక్షేపణ రావచ్చు. ఫోనులో వస్తువులను వాటంతటవే సంచిలో చేర్చే అమరిక ఉండడం ఆ ఆక్షేపణకు బలమిచ్చేలా కనిపిస్తుంది. కానీ ఆ అమరికలోనూ ఏ వస్తువు ఎంతవరకు తీసుకోవాలో ఆటగాడే ముందుగా నిర్ణయించుకోవచ్చు. వివేచన తొలగిపోలేదు, ఆటకన్నా ముందుకు జరిగింది.

జట్టు: మోత పంపకం

నలుగురి జట్టులో సంచి వ్యక్తిగత ఆస్తిగా మిగలదు. ఒకరి దగ్గర తూటాలు మిగులుతాయి, మరొకరికి నిండుకుంటాయి. ఇద్దరూ ఒకే రకం తూటాల తుపాకులు పట్టుకుంటే పంచుకోవడం సులువు, కొరత మాత్రం ఇద్దరికీ ఒకేసారి వస్తుంది; వేర్వేరు రకాలైతే ఒకరి కొరతను మరొకరు తీర్చలేరు. వస్తువును నేల మీద వదలడమే ఇక్కడ ఇవ్వడం. త్యాగానికీ దానానికీ ఒకటే మీట. లూటీగా మొదలైన చర్య ఇలా పంపకంగా మారడం ఈ ఆటల్లోని అత్యంత మానవీయమైన అంశం.

గట్టెక్కడం

ఈ హద్దు విలువను గ్రహించడానికి ఆటలు తెలియని పాఠకుడికీ ఒక కొలమానం ఉంది. మురమళ్ళ గౌతమి ఒడ్డున ఉన్న ఊరు. ఈ ప్రాంతపు లంకవాసులకు వరద అంటే ఏటిగట్టు మీదికి చేరుకోవడం. ఆపదనుంచి బయటపడటాన్ని ‘గట్టెక్కడం’ అనడం ఇక్కడ అక్షరాలా నిజం. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ జ్ఞాపకంలో నిలిచిపోయినవి. నీరు పెరిగేకొద్దీ నేల తగ్గుతుంది. చేతుల్లో పట్టేది ఎంతో తెలిసిన మనిషి బియ్యమా, పట్టా కాగితాలా, పసిబిడ్డ దుప్పటా అని తేల్చుకోవలసి వస్తుంది.

బీజీఎంఐలోనూ నూరుమంది దిగిన దీవిలో సురక్షిత వలయం క్రమంగా కుంచించుకుపోతుంది. బయట మిగిలినవారి ప్రాణశక్తి తరిగిపోతుంది. రెండింటి నిర్మాణం ఒకటే: తగ్గుతున్న నేల, పరిమితమైన మోత, ఆగని కాలం. ఫలితాలు మాత్రం ఒకటి కావు. ఆటలో పోయినది మరుసటి ఆటలో దొరుకుతుంది. వరదలో పోయిన పట్టా కాగితం అలా దొరకదు. మరో భేదం ఇంకా ముఖ్యమైనది. ఆటలో ప్రతి వస్తువుకూ విలువ ఉపయోగాన్ని బట్టే. జ్ఞాపకానికి విలువ లేదు. ఏ పనికీ రాకపోయినా తల్లి ఫొటోను మూటలో పెట్టుకునే మనిషిని ఈ ఆటలు ఊహించలేకపోయాయి. వాటి ప్రధాన కళాలోపం ఇదేనని నా అభిప్రాయం.

హద్దు అమ్మకానికి వచ్చినప్పుడు

దీర్ఘకాలం కొనసాగే ఆటల్లో మరో సమస్య ఉంది. బీజీఎంఐలోని యుద్ధ పోటీ ముగియగానే అక్కడ ఏరిన సామగ్రి పోతుంది. ‘డెస్టినీ’లో అది భాండాగారంలో పేరుకుంటుంది. తీసుకోవడం మరచిన వస్తువులను అక్కడ ‘పోస్ట్‌మాస్టర్’ దాచి ఉంచుతాడు. ఆ చోటూ నిండితే పాతవి చెరిగిపోతాయి. ఇక్కడ వదులుకోవడం నిర్ణయంగా కాక నిర్లక్ష్యంగా జరుగుతుంది.

2013లో వచ్చిన ‘వార్‌ఫ్రేమ్’లో ఆయుధాలు ఉంచుకునే గడులను డబ్బుతో కొనగలిగే ప్లాటినంతో పెంచుకోవచ్చు. అదే ప్లాటినాన్ని ఇతర ఆటగాళ్ళతో మారకం చేసి సంపాదించుకునే వీలుండటం వాస్తవమే. అయినా చోటు సరుకైనప్పుడు ఔచిత్య ప్రశ్న మారిపోతుంది. ‘దేన్ని వదలాలి?’ అన్న చోట ‘ఎంత చెల్లించాలి?’ అన్నది నిలుస్తుంది. మొదటి ప్రశ్న ఆటగాడి వివేకాన్ని పరీక్షిస్తుంది, రెండవది అతని జేబును. హద్దు ఆట అర్థానికి మూలమని అంగీకరిస్తే, ఆ హద్దును అమ్మడం అర్థాన్ని అమ్మడమే అవుతుంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. సంచికి విధించే హద్దు స్వభావాన్ని బట్టి వస్తువు అర్థం మారుతుంది. ఆటగాడి పాత్ర వదులుకోవడంలోనే రూపుదిద్దుకుంటుంది. హద్దు వ్యాపార వస్తువైనప్పుడు ఆ రెండూ బలహీనపడతాయి. ‘కొల్ల’ అన్న మాటలోని దోపిడిని, సమృద్ధిని వివేకంతో కలిపేది సంచే. కొత్త ప్రక్రియలను అంచనా వేయడానికి మన అలంకారశాస్త్రం, మన ఏటిగట్ల అనుభవం రెండూ పనికివస్తాయని ఈ ఆటలు రుజువు చేస్తున్నాయి. యువకులు రాత్రింబవళ్ళు తలమునకలయ్యే ఈ ఆటలను వ్యసనమని తోసిపుచ్చడం సులభం. వాటిలో ఏది నిలుపుకోదగినదో, ఏది వదలదగినదో తేల్చి చెప్పడం తెలుగు విమర్శ చేపట్టవలసిన పని.