కల్పిత భాషకూ ఒక తల్లి

(పీఠిక)

లేని భాషను పుట్టించడమే కష్టం. ఆ లేని భాషకు అంతకు ముందే ఒక మూలభాష ఉండేదని ఊహించి, అందులోంచి దీన్ని మెట్టుమెట్టుగా దించుకురావడం మరీ కష్టం. ఆ పని మీద తెలుగులో ఒక పుస్తకం రావడం, దానికి పీఠిక రాయమని నన్ను అడగడం రెండూ నాకు సంతోషం కలిగించాయి. రచయిత్రి నా దగ్గర ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం చదువుకున్న మనిషి. ఆ చదువును ఆమె ఇంత దూరం తీసుకుపోతుందని నేననుకోలేదు.

మా శాస్త్రం కింది నుంచి పైకి నడుస్తుంది. కన్నడంలో ‘కివి’, తెలుగులో ‘చెవి’; అక్కడ ‘కెరె’, ఇక్కడ ‘చెరువు’. ఇలాంటి జతలు పేర్చి చూసి, ఇ, ఎ వంటి అచ్చుల ముందు మూలద్రావిడ కకారం తెలుగులో చకారమైందని తేలుస్తాం. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961 నాటి ‘తెలుగు వెర్బల్ బేసెస్’ నుంచి 2003 నాటి ‘ద ద్రవిడియన్ లాంగ్వేజెస్’ దాకా ఈ దారినే నడిచారు. భాషను కల్పించేవాడు పై నుంచి కిందికి దిగాలి. మూలరూపం తనే పెట్టుకోవాలి, ధ్వనిసూత్రం తనే విధించుకోవాలి, ఆ తర్వాత దానికి తనే కట్టుబడాలి. ముద్దొచ్చిన మాట సూత్రానికి లొంగకపోతే మాటనైనా వదులుకోవాలి, మినహాయింపుకు కారణమైనా చూపాలి. స్వేచ్ఛ అనుకుని దిగినవాడికి అక్కడ ఎదురయ్యేది నియమం. ఈ పుస్తకమంతా ఆ ఒక్క సంగతి మీదే నిలబడింది.

అందుకు ఆమె ఎంచుకున్న ప్రధాన సాక్షి ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973). ఫిన్నిష్ నాదం మీది మోజుతో క్వెన్యాను, వెల్ష్ మీది ప్రేమతో సిందారిన్‌ను మలిచి, రెంటినీ ఒకే మూలభాషకు సంతానం చేశాడాయన. చెట్టుకు మూలరూపం ‘గలదా’. క్వెన్యాలో మొదటి గకారం పోయి ‘అల్ద’ అయింది. సిందారిన్ గకారాన్ని నిలుపుకుని చివరి అచ్చును పోగొట్టుకుని ‘గలధ్’ అంది. ‘మాట’ క్వెన్యాలో ‘క్వెత్త’, సిందారిన్‌లో ‘పెథ్’. మూలంలోని ‘క్వ’ ఒకచోట నిలిచింది, ఒకచోట పకారమైంది. ఇది గాలిలోంచి తెచ్చిన మార్పు కాదు: నాలుగును ఐరిష్‌వారు ‘కాహిర్’ అంటే వెల్ష్‌వారు ‘పెద్వర్’ అనడం వెనక ఉన్నదీ ఇదే మార్పు.

బహువచనాల అధ్యాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. సిందారిన్‌లో కొండ ‘అమోన్’, కొండలు ‘ఎమిన్’. మనిషి ‘అదన్’, మనుషులు ‘ఎదైన్’. పైకి చూస్తే ఇష్టం వచ్చినట్టు అచ్చులు మార్చినట్టుంటుంది. మూలభాషలో చివర ఒక ఈకారం ఉండేది. అది ముందరి అచ్చులను తనవైపు లాగి, తర్వాత తాను రాలిపోయింది. ఇంగ్లీషు ‘ఫుట్’, ‘ఫీట్’ అయిన తీరూ ఇలాంటిదే. మన ‘పులి’ బహువచనంలో ‘పులులు’ అయితే, ఇకారాన్ని ఉకారం చేసిన ‘లు’ ఇంకా కళ్ళెదుటే ఉంది. సిందారిన్‌లో కారణం పోయి కార్యం మాత్రం మిగిలింది. కల్పిత భాషలో మూలభాష ఉందన్న సంగతి పాఠకుడికి తెలియకపోయినా, అలాంటి అవకతవకల వెనక ఏదో లెక్క ఉందని చెవి పసిగడుతుంది.

ఈ లెక్క కోసం టోల్కీన్ కథనే మార్చాడు. 1930లలో తన కథల్లోని నోల్దోర్ జాతికి ఇచ్చిన, తర్వాత సిందారిన్ అయిన భాషను 1950 ప్రాంతంలో వారి దగ్గర నుంచి తీసి, సముద్రం దాటకుండా ఉండిపోయిన సిందార్ జాతికి అప్పగించాడు. భాషల మధ్య అంత తేడా రావడానికి కావలసిన ఎడబాటు దాంతో కథలోనే దొరికింది. ఆయన పెట్టుకున్న ధాతుకోశం 1987లో ‘ద లాస్ట్ రోడ్’ సంపుటంలో అచ్చయింది. దాన్ని ఇంత ఓపికగా విప్పి చెప్పిన తెలుగు రచన నా ఎరుకలో లేదు.

రచయిత్రి ఒక్కరి దగ్గరే ఆగలేదు. లాటిన్‌ను వెల్ష్ ధ్వనిమార్పుల గుండా నడిపించి ఆండ్రూ స్మిత్ కట్టిన బ్రిథెనిగ్‌నూ, 2013లో వచ్చిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మూడో సీజన్ కోసం హై వలీరియన్ చేసి అందులోంచి అస్తపోర్ వాడుకభాషను దించిన డేవిడ్ పీటర్సన్‌నూ పరిచయం చేసింది. పూర్వభాష అక్కర్లేని వాటినీ చిన్నచూపు చూడలేదు. 1887 నాటి ఎస్పరాంటో అందరూ సులువుగా నేర్వడానికి పుట్టింది. అవకతవకలు లేకపోవడమే దాని గొప్ప. ‘బాహుబలి’ కోసం మదన్ కార్కీ చేసిన కిలికి యుద్ధభూమిలో వింటేనే గుండె అదరాలి. ఆ పని అది చేసింది.

పొగడ్తతో సరిపెడితే పీఠిక అనిపించుకోదు కనుక ఒక కొరత చెబుతాను. ధ్వనిమార్పుకు ఇచ్చినంత చోటు అర్థపరిణామానికి ఇవ్వలేదు. ఒకప్పుడు సువాసనకూ చెల్లిన ‘కంపు’ ఇప్పుడు ముక్కు మూయిస్తోంది. ఏ వస్త్రానికైనా చెల్లిన ‘చీర’ ఆడవారి కట్టుకు పరిమితమైంది. కల్పిత భాషలోనూ మాటల అర్థాలు ఇలా జారిపోవాలి, కుంచించుకుపోవాలి. మలి ముద్రణలో ఆ అధ్యాయం చేరాలి.

చారిత్రక భాషాశాస్త్రమంటే పరీక్షకు బట్టీపట్టే సూత్రాల మూట అనుకునే విద్యార్థులు ముందు ఈ పుస్తకం చదవాలి. చదివి, మూలద్రావిడం నుంచి చరిత్రలో లేని ఒక చెల్లెలి భాషను తెలుగుకు తయారుచేసి చూడాలి. చకారం కాని కకారాన్ని ఎక్కడ నిలపాలో తేల్చుకునేటప్పటికి మన భాష ఎందుకిలా ఉందో వారికి తెలిసివస్తుంది. ఆ పనికి తొలి పాఠం రాసిపెట్టిన ఈ చిరంజీవికి నా ఆశీస్సులు.