స్వతంత్ర తెలుగు లఘుచిత్రం: సవాళ్ళు, సాఫల్యాలు - ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక:

కథానిక నవలకు సంక్షిప్త రూపం కాదన్న విషయం తెలుగు సాహిత్య విమర్శలో ఏనాడో స్థిరపడింది. నవల రాయనంత మాత్రాన కథకుణ్ణి అసంపూర్ణ రచయితగా ఎవరూ భావించరు. లఘుచిత్ర దర్శకుణ్ణి మాత్రం "సినిమా ఎప్పుడు తీస్తారు?" అన్న ప్రశ్న వెంటాడుతూనే ఉంది. లఘుచిత్రాన్ని స్వతంత్ర ప్రక్రియగా కాక, సినీపరిశ్రమకు పెట్టుకొనే దరఖాస్తుగా చూస్తున్నామనడానికి ఈ ప్రశ్నే నిదర్శనం. ఈ దృష్టి లఘుచిత్ర నిర్మాణాన్ని, రూపాన్ని ఎలా ప్రభావితం చేస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిర్మాణంలోని సవాళ్ళు:

2008లో వచ్చిన కానన్ 5డి మార్క్ 2 వంటి కెమెరాలు తక్కువ ఖర్చుతో నాణ్యమైన దృశ్యాన్ని చిత్రీకరించే వీలు కల్పించాయి. పంపిణీదారు అవసరం లేకుండా ప్రేక్షకులను చేరే మార్గాన్ని యూట్యూబ్ చూపింది. అయితే దృశ్యం చౌకైనంతగా ధ్వని చౌక కాలేదు. వీధిలోని హారన్లు, గదిలోని ఫ్యాను చప్పుడు సంభాషణలో కలిసిపోతే మళ్ళీ డబ్బింగ్ చెప్పించవలసి వస్తుంది. కొత్త నటులు చిత్రీకరణలో పలికిన సహజత్వాన్ని మైకు ముందు తిరిగి తేలేరు.

రెండవది మానవశ్రమకు సంబంధించిన సమస్య. ఈ చిత్రాలలో చాలావరకు మిత్రుల సహకారంతో, సెలవు రోజులలో, పారితోషికం లేకుండా తయారవుతాయి. చిత్రం గుర్తింపు పొందితే దర్శకుడికో నటుడికో అవకాశం రావచ్చు. శబ్దగ్రహణం, కూర్పు చేసినవారికి ఆ ఫలితం అందుతుందన్న హామీ లేదు. స్వతంత్రత అన్న మాట వెనుక ఈ జీతంలేని శ్రమ ఉన్నదని విమర్శ గుర్తించాలి.

3. ప్రవేశపత్రంగా లఘుచిత్రం:

పరిశ్రమలో ప్రవేశం కల్పించడం లఘుచిత్రం సాధించిన నిజమైన ఫలితమే. 'అనుకోకుండా' వంటి లఘుచిత్రాలు తీసిన తరుణ్ భాస్కర్ 'పెళ్ళి చూపులు' (2016) చిత్రంతో పూర్తినిడివి సినిమాలోకి వచ్చారు. ఆ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా, ఆయన సంభాషణలు ఉత్తమ సంభాషణలుగా జాతీయ పురస్కారాలు పొందాయి. 'మధురం' దర్శకుడు ఫణీంద్ర నర్సెట్టి తన తొలి పూర్తినిడివి చిత్రం 'మను' (2018)ను ప్రజల నుంచి సమీకరించిన నిధులతో రూపొందించారు. లఘుచిత్రాలలో నటించిన రాజ్ తరుణ్ 'ఉయ్యాల జంపాల' (2013)తో కథానాయకుడయ్యారు.

అయితే ఈ విజయాలే ఏకైక గీటురాయి అయినప్పుడు రూపం దెబ్బతింటుంది. నాయకుడి పరిచయ దృశ్యం, ప్రేమగీతం, స్లోమోషన్ పోరాటం, చివరలో ఒక మలుపు - ఇవన్నీ ఇరవై నిమిషాలలో ఇరికించిన చిత్రం లఘుచిత్రం కాదు, కుదించిన పెద్ద సినిమా. అందులో దర్శకుడు కథ చెప్పడం మాని తన సామర్థ్యాన్ని నిర్మాతకు నిరూపించుకొనే పనిలో పడతాడు. అప్పుడు పాత్రలు అతని పనితనానికి నమూనాలుగా మిగిలిపోతాయి.

4. రూపపరమైన సాఫల్యం:

లఘుచిత్రం స్వయంసంపూర్ణ రూపమనడానికి సత్యజిత్ రాయ్ 'టూ' (1964) మంచి ఉదాహరణ. 'చారులత' విడుదలైన ఏడాదే ఆయన పన్నెండు నిమిషాల ఈ చిత్రాన్ని తీశారు. ఇందులో సంభాషణలు లేవు. మేడలోని సంపన్న బాలుడు, బయట గుడిసె దగ్గరి పేద బాలుడు తమ ఆటవస్తువులతో పోటీపడతారు. పేద బాలుడు ఎగరవేసిన గాలిపటాన్ని రెండవవాడు ఎయిర్‌గన్‌తో కూల్చివేస్తాడు. చివరకు మేడలోని యంత్రపు బొమ్మల చప్పుడును దాటుకొని పిల్లనగ్రోవి స్వరం వినిపిస్తుంది. కిటికీకి లోపల ఒకరు, బయట ఒకరు - ఈ అమరికే వర్గభేదాన్ని చెబుతుంది. దీనికి మరో అరగంట చేర్చితే బలం తగ్గుతుందే తప్ప పెరగదు.

రాయ్‌కు అప్పటికే కీర్తి ఉంది. చిత్రానికి ఒక సంస్థ ఆర్థిక సహకారం కూడా ఉంది. కనుక నిర్మాణ కష్టాల విషయంలో ఆయనతో మన యువ దర్శకులను పోల్చడం న్యాయం కాదు. అయితే ఎవరి వద్దా అవకాశం అర్థించనవసరం లేని కళాకారుడు కూడా ఈ నిడివిని ఎంచుకొని సార్థకం చేశాడన్నది ఇక్కడ గ్రహించవలసిన అంశం.

తెలుగులోనూ ఈ స్వేచ్ఛకు ఆనవాళ్ళున్నాయి. తరుణ్ భాస్కర్ మరో లఘుచిత్రం 'సైన్మా' శీర్షికలోనే తెలంగాణ ఉచ్చారణ పలుకుతుంది. విస్తృత మార్కెట్ కోసం భాషను చదును చేయవలసిన ఒత్తిడి లఘుచిత్రంపై తక్కువ. ఒక ఊరి యాసను, ఒక వీధి జీవితాన్ని అనువాదం లేకుండా చూపగలగడం దీనికి దక్కిన అరుదైన లాభం.

5. ముగింపు:

వీక్షణల సంఖ్య ఆదరణను సూచిస్తుంది గాని విలువను నిర్ణయించదు. నిడివికి తగిన వస్తువును ఎంచుకోవడం, చెప్పకుండా వదిలిన అంశం, ధ్వని వినియోగం, భాషా ప్రామాణికత - ఇవి లఘుచిత్ర విమర్శకు ప్రమాణాలు కావాలి. ఒక ఛానల్ మూతపడితే అందులోని చిత్రాలు జాడలేకుండా పోయే ప్రమాదం ఉంది. అందువల్ల చిత్రం పేరు, విడుదల తేదీ, నిడివి, సాంకేతిక నిపుణుల వివరాలతో సూచికలు తయారుచేయడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన. పత్రికలలో చెదిరిపోయిన తొలినాటి కథలను వెదకి సేకరించడానికి పరిశోధకులు పడిన శ్రమ మనకు తెలిసినదే. లఘుచిత్రాల విషయంలో ఆ పనిని అవి అందుబాటులో ఉండగానే ప్రారంభించవచ్చు.