పంపాలా అంటే ‘పంపు’ అనాలి

హైదరాబాద్‌లోని కాటేదాన్ పారిశ్రామికవాడలో షిఫ్టు దిగిన కార్మికుడు బీహార్‌లోనో ఒడిశాలోనో ఉన్న ఇంటికి డబ్బు పంపాలంటే ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంటే చాలు. డబ్బు వెళ్లే ముందు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. తెలుగు తెరల మీద ఇలాంటి చోట తరచూ కనిపించే వాక్యం ‘మీరు ఖచ్చితంగా కొనసాగించాలనుకుంటున్నారా?’. కింద ‘సరే’, ‘రద్దు చేయి’ అని రెండు బటన్లు. వ్యాకరణంలో తప్పేమీ లేదు. కానీ దేన్ని కొనసాగించడం? ఎవరికి, ఎంత? నా దృష్టిలో ఈ ప్రశ్నకు పరీక్ష ఒక్కటే: సరైన పని చేస్తున్నప్పుడూ, పొరపాటు చేస్తున్నప్పుడూ అదే మాట కనిపిస్తే అది అడిగినట్టు కాదు.

అమెరికాలో సిటీబ్యాంకు 2020 ఆగస్టులో రెవ్లాన్ కంపెనీ రుణదాతలకు వడ్డీ కింద సుమారు 78 లక్షల డాలర్లు పంపబోయి, అసలుతో కలిపి దాదాపు 90 కోట్ల డాలర్లు పంపేసింది. ముగ్గురు సరిచూశారు. హెచ్చరిక కూడా వచ్చింది: సొమ్ము బ్యాంకు బయటికి వెళ్తుంది, కొనసాగించాలా అని. వడ్డీ ఎలాగూ బయటికే వెళ్లాలి కాబట్టి ఆ మాట ఎవరినీ ఆపలేదు. ఎంత వెళ్తుందో అందులో లేదు. ఆ ఒక్క అంకె ఉంటే ఎవరో ఒకరి కన్ను దాని మీద ఆగేదని నా నమ్మకం. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి దాడి అంటూ తప్పుడు హెచ్చరిక వెళ్లింది. సవరణ రావడానికి 38 నిమిషాలు పట్టింది. పంపిన ఉద్యోగి దాడి నిజమనే అనుకున్నాడు కాబట్టి తప్పంతా తెర మీది మాటది కాదు. అయినా హెచ్చరికలు పంపే సాఫ్ట్‌వేర్ పరీక్షకూ నిజమైన హెచ్చరికకూ ఒకే ప్రశ్న వేసేదని విచారణలో తేలింది.

ఈ విషయంలో తెలుగుకు ఒక సౌకర్యం ఉంది, మనం దాన్ని వాడుకోవడం లేదు. ‘టీ తాగుతావా?’ అంటే ‘తాగుతాను’ అనో ‘వద్దు’ అనో అంటాం. అడిగిన క్రియే జవాబులో తిరిగి వస్తుంది. ‘డబ్బు అందలేదా?’ అంటే ‘అవును, అందలేదు’ అంటాం. అక్కడ ఇంగ్లిషువాడు ‘నో’ అంటాడు. అందుకే ఇంగ్లిషు తెర నుంచి దించిన అవును, కాదు బటన్లు మన దగ్గర తడబడతాయి. ‘ఆర్డర్ రద్దు చేయాలా?’ అన్న ప్రశ్న కింద ‘సరే’, ‘రద్దు చేయి’ అని ఉంటే తెలుగు చదివేవాడికి రెండూ ఒకటే. ‘ఆర్డర్ రద్దు చేయి’, ‘ఆర్డర్ ఉండనివ్వు’ అంటే గొడవే లేదు. డబ్బు విషయంలో ‘లక్ష్మికి ₹5,000 పంపాలా?’ అని అడిగి, కింద ‘పంపు’, ‘వద్దు’ అని రాస్తే చాలు. ఇది పాత మాటకంటే చిన్నది కూడా, కాబట్టి చిన్న తెర మీద తెలుగు పట్టదన్న ఫిర్యాదు ఇక్కడ నిలవదు.

ఎవరూ చదవరు, నొక్కేస్తారు అన్నది అసలైన అభ్యంతరం. నిజమే. ప్రతి చిన్న పనికీ అడిగితే వేలు అలవాటు పడిపోతుంది. ఫోటో చెరిపినప్పుడు అడగక్కర్లేదు, తిరిగి తెచ్చుకునే దారి ఉంటే చాలు. వెనక్కి రాని చోట మాత్రమే అడగాలి. మాటలు మోసాన్ని ఆపలేవన్నదీ కొంత నిజమే: డబ్బు వస్తుందని నమ్మించి పిన్ కొట్టించే మోసాలు పెరిగాకే 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐలో వ్యక్తుల మధ్య డబ్బు పంపమని అడిగే కలెక్ట్ రిక్వెస్టులను ఆపేశారు. తీసేయగలిగినదాన్ని తీసేయాల్సిందే. కానీ చెల్లింపును తీసేయలేం. అందుకే అదే ఏడాది, గ్రహీతకు బ్యాంకులో నమోదైన పేరే చూపాలని యాప్‌లను ఆదేశించడం మంచి పని. తెలుగు చదవలేని వలస కార్మికుడికి తన భాష తెర ఇవ్వాలి. అది లేని చోట కూడా పెద్దగా వేసిన అంకెను అతడు చదవగలడు.

హైదరాబాద్‌లో తెరలు తయారుచేసేవాళ్లకు నా మనవి: విడుదలకు ముందు ఒక సాయంత్రం షిఫ్టు దిగే వేళకు కాటేదాన్ రండి. మీ తెర చూపించి, ఇది నొక్కితే ఏమవుతుందని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే ఆ వాక్యాన్ని మళ్లీ రాయండి.