ఆసుపత్రి గేటు దాటిన తరువాత: ‘చివరకు మిగిలేది’ చిత్రముపై ఒక కాపరి పరిశీలన

1960లో విడుదలైన ‘చివరకు మిగిలేది’ చిత్రమును మన పాఠకులలో పెద్దవారు కొందరు చూచి ఉంటారు. విద్యార్థులు దానిని బహుశా ఘంటసాల పాట ద్వారానే ఎరుగుదురు. గుత్తా రామినీడు దర్శకత్వము వహించిన ఈ చిత్రములో సావిత్రి మానసిక వైద్యశాలలో పనిచేసే నర్సు పాత్ర ధరించారు. వైద్యవిద్య చదివిన ప్రభాకర్ రెడ్డి వెండితెరకు వచ్చినది ఈ చిత్రముతోనే. బుచ్చిబాబు నవలకు, దీనికి పేరు తప్ప వేరే సంబంధము లేదు. దీనికి మూలము 1959లో అసిత్ సేన్ బెంగాలీలో తీసిన ‘దీప్ జ్వేలే జాయ్’. ఆయనే 1969లో వహీదా రెహమాన్‌తో ‘ఖామోషీ’ పేరున దానిని హిందీలో మరల తీశారు.

మన ప్రసంగాలలో ఈ నర్సు కథను త్యాగమునకు దృష్టాంతముగా వాడడం నేను పలుమార్లు విన్నాను. రోగి బాగుపడ్డాడు, ఆమె తన్ను తాను పోగొట్టుకున్నది. కాబట్టి ఇది సిలువ మార్గమని ముగిస్తారు. ఈ దృష్టాంతము సరికాదని నా అభిప్రాయము. ఈ చిత్రమునుండి కాపరులమైన మనము నేర్చుకోవలసినది నర్సు కన్నీళ్లలో కంటె, ఎవరూ పట్టించుకోని మరొక చోట ఎక్కువగా ఉన్నది. రోగి ఆసుపత్రి విడిచి వెళ్లిపోయే సందర్భమే ఆ చోటు.

కథ క్లుప్తముగా ఇది. ప్రేమలో దెబ్బతిని మతి చలించిన యువకునికి, ఒక స్త్రీ ఆదరణ దొరికితే స్వస్థత కలుగుతుందని పెద్ద డాక్టరు నమ్మకము. అందుకొరకు నర్సు అతనిని ప్రేమిస్తున్నట్టు నటించాలి. మొదటి రోగి విషయములో ప్రయోగము ఫలించింది. అతడు బాగై వెళ్లిపోయాడు. అయితే ఆమెది నటన కాలేదు. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది. రెండవ రోగి వచ్చాడు. ఆమె వద్దన్నది, చివరకు ఒప్పుకున్నది. అతడూ బాగుపడ్డాడు. ఈసారి ఆమె మనస్సు తట్టుకోలేక, తాను సేవ చేసిన వైద్యశాలలోనే రోగిగా చేరింది.

ఇందులో సిలువ ఎక్కడ ఉన్నది? యోహాను 10వ అధ్యాయములో ప్రభువు తన ప్రాణమును తానే పెట్టుచున్నానని, ఎవరూ దానిని తీసుకొనలేదని స్పష్టము చేశారు. ఈ నర్సు విషయము అట్లు కాదు. ఆమె పెట్టినది కొంత, తీసుకొనబడినది చాలా ఎక్కువ. పైఅధికారి ఆజ్ఞ, ప్రయోగము ఫలించాలనే ఆతురత, ‘నీవు తప్ప ఎవరూ చేయలేరు’ అనే ఒత్తిడి కలిసి ఆమెను పిండివేశాయి. ఈ మాటలు సంఘములో మనకు కొత్తవా? సండేస్కూలు టీచరుకు, బైబిలు స్త్రీకి, చాలాసార్లు కాపరి భార్యకు మనము చెప్పేవి ఇవే. ఒకరిచేత బలవంతముగా చేయించిన దానికి త్యాగమని పేరు పెడితే, చేయించినవాని పాపము కప్పబడిపోతుంది. పెద్ద డాక్టరు దుష్టుడు కాడు. మంచి ఉద్దేశముతో ఒక మనిషిని మందు సీసావలె వాడుకున్నాడు, అంతే. అందువలననే అతడు మనకు చాలా దగ్గరివాడు.

ఇక వెళ్లిపోయినవాని సంగతి. అతడు గేటు దాటగానే కథకు అతనితో పని తీరిపోయింది. కెమెరా నర్సు వద్దనే నిలిచిపోతుంది. అతడు ఎక్కడికి వెళ్లాడు, ఇరుగుపొరుగువారు ఏమన్నారు, రాత్రి నిద్రపట్టిందా అనేవి చిత్రమునకు అక్కరలేదు. దీనికి కొంత కాలము కూడా కారణము. క్లోర్‌ప్రొమాజిన్ అనే మందు 1952లో ఫ్రాన్సులో వాడుకలోకి వచ్చేవరకు తీవ్రమైన మనోవ్యాధితో లోపలికి వెళ్లినవారిలో అనేకులు లోపలే ఉండిపోయేవారు. మన దేశములో అప్పటికి 1912 నాటి లూనసీ చట్టమే అమలులో ఉండేది. ‘డిశ్చార్జి’ అనే మాటే ఆనాడు అద్భుతము. అద్భుతముతో కథ ముగించడం సహజమే. పైగా సినిమా రోగి మృదువైనవాడు, చదువుకున్నవాడు, ప్రేమలో ఓడిపోయినవాడు. ప్రేక్షకుడు అతనిని చూచి భయపడడు, జాలిపడతాడు. కారణము ఏమీ కనబడకుండానే స్వరములు వినిపించేవాడు, స్నానము మానివేసినవాడు, తల్లిని అనుమానించేవాడు ఈ కథలలో కథానాయకుడు కాడు.

నేను సూరారములో పరిచర్య చేస్తున్నాను. ఇక్కడికి ఎర్రగడ్డ దూరము కాదు. హైదరాబాదులో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటే తిట్టు. కోస్తా జిల్లాలలో విశాఖపట్నము పేరు ఇట్లే వాడతారు. ఎర్రగడ్డ నుండి తిరిగి వచ్చినవాడు ఈ తిట్టులోనికి తిరిగి వస్తాడు. మా ప్రాంతములో చాలామంది జీడిమెట్ల కంపెనీలలో షిఫ్టు పని చేసేవారు. అద్దెకున్నది ఒకటి రెండు గదులు. రాత్రి మాత్ర ఇవ్వవలసిన తల్లి సెకండ్ షిఫ్టులో ఉంటుంది. మందు వలన పగలంతా మత్తుగా ఉన్నవానిని సోమరి అంటారు. ఇంటి యజమానికి తెలిస్తే గది ఖాళీ చేయమంటాడు. చెల్లెలికి సంబంధము చూస్తున్న ఇంట్లో అన్నను లోపలి గదిలో కూర్చోబెడతారు. వీటిలో ఒక్కదానికైనా డాక్టరు మందు వ్రాయలేడు.

మార్కు సువార్త 5వ అధ్యాయములోని గెరాసేనుల దేశపు మనుష్యుని మనము స్వస్థతకు, దయ్యములపై ప్రభువు అధికారమునకు సాక్ష్యముగా బోధిస్తాము. అది సరియే. అయితే ఈ భాగములో జనులు ఎప్పుడు భయపడ్డారో గమనించండి. అతడు సమాధులలో కేకలు వేస్తున్నప్పుడు వారికి గొలుసులు ఉన్నాయి, అలవాటు కూడా ఉన్నది. అతడు బట్టలు కట్టుకొని, స్వస్థచిత్తుడై కూర్చుండగా చూచి భయపడ్డారు. పిచ్చివానిగా అతనికి ఊరిలో ఒక స్థానము ఉండేది. బాగుపడినవానికి ఏ స్థానము ఇవ్వాలో వారికి తెలియలేదు. దోనె ఎక్కబోయే ప్రభువును అతడు బ్రతిమాలుకొనడానికి ఇదీ కారణమేమో. ఆ ఊరికి తిరిగి వెళ్లడం ఎంత కష్టమో అతనికే తెలుసు. ప్రభువు అతనిని దోనె ఎక్కించుకొనలేదు. తన వారియొద్దకు, తన ఇంటికి పంపారు. అతడు దెకపొలిలో ప్రకటించాడని మార్కు వ్రాశాడు గాని, ఇంటివారు తలుపు తీశారో లేదో వ్రాయలేదు. సువార్త ప్రకటనకు నమూనాగా ఈ వచనములను బోధించేటప్పుడు ఈ ఖాళీని మనము గమనించము. పంపబడినవాని గురించి వేయి ప్రసంగాలు ఉన్నవి. పంపబడిన ఇంటిని గురించి ఎన్ని?

మన స్వస్థత కూటములకు, ఈ చిత్రమునకు ఇక్కడ పోలిక ఉన్నది. సాక్ష్యము చెప్పించిన రోజుతో మన కథ కూడా ముగుస్తుంది. వేదికమీద సాక్ష్యము చెప్పినవాడు మాత్రలు మానివేసి, రెండు మూడు నెలలలో తిరిగి జబ్బుపడితే విశ్వాసము చాలలేదంటాము. డాక్టరును అడగకుండా మందు మానమని చెప్పే అధికారము ఏ సేవకునికీ లేదని నేను గట్టిగా చెప్పగలను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టివేయబడిన 28 మంది అగ్నిలో కాలిపోయారు. ఆ చోటు వేరొక మతస్థులదని మనము తప్పించుకొనలేము. ప్రార్థన కొరకు తెచ్చినవారిని కట్టివేసే అలవాటు మనలోనూ ఉన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులను నిషేధించింది. కుటుంబము చేర్చుకొనలేదనే కారణముతో, లేదా ఇల్లు లేదనే కారణముతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచివేయరాదని దాని 19వ సెక్షను చెబుతున్నది. ప్రభుత్వము ఇంతవరకు వచ్చినప్పుడు, ఒక కుర్చీ, ఒక పూట భోజనము, మాత్ర వేసుకొనేవరకు ప్రక్కన కూర్చునే ఒక మనిషిని ఇవ్వడం సంఘమునకు భారము కారాదు. తల్లి షిఫ్టుకు వెళ్లిన గంటలలోనే ఆ మనిషి అవసరము.

చిత్రమును తక్కువ చేయడం నా ఉద్దేశము కాదు. 1960లో ఒక తెలుగు చిత్రము మానసిక రోగిని నవ్వులాటకు వాడుకొనకపోవడమే గొప్ప. ఆ తరువాత దశాబ్దములలో మన హాస్య సన్నివేశములు ఈ మర్యాదను నిలుపుకొనలేదు. సావిత్రి నటనలో దుఃఖము పెద్ద కేకలలో కంటె, పని చేస్తూ ఆగిపోవడంలో ఎక్కువ కనబడుతుంది.

పాస్టోరల్ కౌన్సెలింగ్ తరగతిలో ఈ చిత్రమును చూపించదలచిన అధ్యాపకులకు ఒక సూచన. మొదటి రోగి వెళ్లిపోయిన తరువాత చిత్రమును అక్కడే ఆపండి. ఆ సాయంత్రము అతడు ఏ ఇంటికి చేరాడో, తలుపు ఎవరు తీశారో, మొదటి మాట ఏమన్నారో విద్యార్థులను ఒక పుట వ్రాయమనండి. నర్సు డిశ్చార్జి అయ్యే రోజు గురించి రెండవ పుట వ్రాయించండి. ఆ రోజును తెలుగులో గాని, బెంగాలీలో గాని, హిందీలో గాని చిత్రీకరించలేదు.