కడచూలు: శబ్దవిచారము, కావ్యవిచారము

తొలిచూలును వర్ణించుటలో మన కవులకు కొఱత లేదు. ముఖమున పాండిమ, నడకలో మాంద్యము, మంటిపై కోరిక, చెలుల పరిహాసము, పతి సంభ్రమము మున్నగునవి యెల్ల నొక వరుసగా నేర్పడినవి. రఘువంశ తృతీయసర్గమున సుదక్షిణ మృత్తికను రుచిచూచిన నాటినుండి ఆ వరుస నేటికిని చెడలేదు. అది బాలకులు సైతము గుర్తింపగల సంప్రదాయము. కాని ఋతుధర్మము సడలు వయసున, ఎదిగిన బిడ్డలు గల యిల్లాలికి, కోరకయే వచ్చిన కడచూలునకు అట్టి వర్ణనాసంప్రదాయ మేర్పడలేదు. లోకమున నున్నది కావ్యమున కేల యెక్కలేదను ప్రశ్న విమర్శకుడు వేయవలసినదే. ఈ ప్రశ్న వట్టి వినోదమునకు గాదు. మాట లేనిచోట సిగ్గు చోటు చేసికొనును.

కర్నూలు మండలమున పడమటి దెస ఆదవాని, యెమ్మిగనూరు సీమ గలదు. అందు మంత్రాలయమునకు చేరువనున్న మాధవరమువంటి పల్లెలలో తెలుగును కన్నడమును ఒక్క వాకిట వినవచ్చును. అట్టి పల్లెలో నలువదియైదేండ్ల యిల్లాలికి రెండు మూడు నెలలు ముట్టు రాకున్నచో నేమనుకొందురు? ఉడిగినవని యనుకొందురు. ఆమెయు నట్లే తలచును. అలసటను వయసునకును, వికారమును పైత్యమునకును ఆరోపించును. కడుపులో కదలిక తెలిసినప్పుడు గాని నిజము బోధపడదు. అప్పటి కింట కూతురు పురిటికి వచ్చియుండవచ్చును. తల్లియు కూతురును ఒక్క చూరు క్రింద చూలాండ్రైనచో ఎవరికి గాజులు తొడుగవలెను, ఎవరు దాగవలెను? లోక మీ ప్రశ్నకు జంకు లేకయే యుత్తరము చెప్పును: కూతురికి గాజులు, తల్లికి చాటు.

ఇట్టి తీర్పునకు భాషయు కొంత తోడ్పడుచున్నది. తెలుగున ఈ విషయమును దెలుపు క్రియలు రెండు. ‘ముట్లుడిగినవి’ యనగా మరల రావని యర్థము. ‘నెల తప్పినది’ యనగా రావలసినది రాలేదని యర్థము. ఉడుగుట శాశ్వతము, తప్పుట తాత్కాలికము. కన్నడమునను ముట్టు శబ్దమే యీ యర్థమున నున్నది. వారు దాని కడపటి దశను నిలుచుటగా చెప్పుదురు. నిలిచినది మరల సాగవచ్చును గదా! కావున ఏబదికి లోపడిన వయసున కనబడునది తప్పుటయా, ఉడుగుటయా యని ఆ నెలలో నెవ్వరును నిర్ణయింపజాలరు. తొందరపడి ‘ఉడిగినవి’ అనుట క్రియను కాలమునకు ముందు ప్రయోగించుట.

ఇక ‘తప్పు’ శబ్దమును విచారింపవలెను. ఇది నామముగా దోషమును దెలుపును. అందుచేత ‘ఆమె నెల తప్పినది’ యను వాక్యమున, ముఖ్యముగా ఆ స్త్రీ వయసు మీఱినదైనచో, వినువాని చెవికి ‘ఆమె తప్పినది’ యన్నమాటయే మిగులుచున్నది. ఇందు కర్త యెవరు? నెల యందమా, ఆమె యందమా? ఏకవచనమున రూపము సాయపడదు. మహతీవాచకము ఏకవచనమున అమహత్తువలె ‘తప్పినది’ యనియే క్రియను బొందును. స్త్రీకిని నెలకును ఒక్కటే రూపము. గౌరవార్థమున ‘ఆవిడ నెల తప్పిరి’ అను వ్యవహారము గలదు గనుక స్త్రీయే కర్త యని పూర్వపక్షి వాదించును. కానిండు. ‘బాటసారి దారి తప్పెను’ అన్నప్పుడు బాటసారికి పాపము చుట్టుకొనునా? ‘వానికి గండము తప్పినది’ యన్నప్పుడు తప్పుట శుభమే గదా! క్రియగా తప్పు ధాతువునకు స్థానమునుండి తొలగుట యర్థము. దోషము నామమునకు మాత్రమే చెల్లును. క్రియయందు నామార్థమును చొప్పించి యొక యిల్లాలిని తలవంచుకొనజేయుట వ్యాకరణమును సమ్మతింపదు, ధర్మమును సమ్మతింపదు.

సంస్కృతకోశకారుని వివేక మిచట స్మరింపదగినది. అమరసింహుడు ద్వితీయకాండ మనుష్యవర్గమున ఋతుమతీపర్యాయములను చెప్పిన పిమ్మట దోహదము గల స్త్రీని చెప్పెను. వెంటనే ‘నిష్కల’ యను పదమున ఋతువుడిగిన స్త్రీని చెప్పెను. ఆ వెంటనే ఆపన్నసత్త్వ, గుర్విణి, అంతర్వత్ని, గర్భిణి యను పదములను చెప్పెను. కోరికలు గల చూలాలికిని నిండు చూలాలికిని నడుమ నిష్కలకు చోటిచ్చెను. ఇది ఛందస్సుకొఱకు జరిగిన కూర్పే కావచ్చును. కోశకారుని యభిప్రాయమని సాధించుట సాహసము. ఐనను వేయేండ్లకు పైగా బాలు రీ వరుసనే వల్లెవేయుచున్నారు. నిష్కలను గర్భిణులనుండి విడదీసి దూరముగా నిలుపవలెనని కోశమున కెన్నడును తోపలేదు.

వైద్యగ్రంథములును ఈ గీత సూటియైనది గాదని యెఱుగును. సుశ్రుతుడు ఆర్తవము పండ్రెండవయేట మొదలై, దేహము జరచే పక్వమైన పిదప ఏబదవయేట క్షయించునని చెప్పెను. కాని యాతడే, కంటికి కనబడని ఆర్తవము గల ఋతుమతియు నుండునని కొందఱ మతమును శారీరస్థానమున నుదాహరించెను. నేటి వైద్యులు చెప్పునదియు నిదియే: ముట్లు క్రమము తప్పిన యేండ్లలో గూడ అప్పుడప్పుడు అండము విడుదల యగును. వరుసగా 12 నెలలు ముట్టు రాకున్నగాని ఉడిగినదని నిశ్చయింపరాదు. చరకుడు రక్తగుల్మమును వర్ణించుచు, అది గర్భమును బోలియుండును గావున పదినెలలు గడచిన పిమ్మటనే చికిత్స చేయవలెనని హెచ్చరించెను. గర్భమును గుల్మమని భ్రమించి చెఱుపరాదను జాగ్రత్త అందు గలదు. నేడు మూత్రపరీక్షయు, గర్భమును తెరపై చూపు పరీక్షయు నుండుటచే అంతకాల మాగవలసిన పనిలేదు. పరీక్షకు బోవుటకు సిగ్గు మాత్రమే యడ్డము.

ఆపద లేదని యెవ్వరును చెప్పరాదు. మిక్కిలి వయసు మీఱిన స్త్రీయందు గర్భాధానము తగదని సుశ్రుతుడే నిషేధించెను. గర్భస్రావము, రక్తపుపోటు, మధుమేహము ఈ వయసున హెచ్చు. డౌన్ లక్షణముతో శిశువు పుట్టు నవకాశము నలువదవయేట సుమారు నూటికొకటి, నలువదియైదవయేట సుమారు ముప్పదికొకటి. కావున గర్భమును నిలుపుకొనుటయా మానుటయా యను ప్రశ్న నిజమైన ప్రశ్న. 1971వ సంవత్సరపు శాసనమును, 2021లో దానికి జరిగిన సవరణమును అనుసరించి, శాసనమున జెప్పిన కారణములున్నచో 20 వారములవఱకు ఒక వైద్యుని యభిప్రాయముతోను, కొన్ని విధముల స్త్రీల విషయమున 24 వారములవఱకు ఇద్దఱి యభిప్రాయముతోను గర్భమును తొలగింపవచ్చును. వయసు వచ్చిన స్త్రీ విషయమున నావశ్యకమైనది ఆమె సమ్మతియే; భర్త సమ్మతిని శాసనము కోరలేదు. ఏ దారి పట్టినను అది తెలిసి పట్టిన దారి కావలెను. చాటున గడచిన నెలలు నిర్ణయింపరాదు.

ఇక కావ్యములకు వత్తము. భాగవత తృతీయస్కంధమున దేవహూతి తొమ్మండ్రు కూతుండ్రను కన్నది. కర్దముడు సన్న్యసింప బూనినపుడు ఆమె పైకి నవ్వుచు, లోన కలగుచు, కాలిగోట నేల వ్రాయుచు, కూతుండ్రు తమ భర్తల వెంట బోవుదురు, నీవు వనమునకేగిన నాకు దిక్కెవరని యడిగినది. బహుకాలమునకు కపిలుడు పుట్టెను. అటుపిమ్మట గాని కన్యల వివాహములు జరుగలేదు. పెండ్లియీడు కూతుండ్ర నడుమ ప్రసవించిన తల్లి మన పురాణమున నున్నదనుట కిది చాలును. కాని కవి యేమి చేసెను? తపమున కృశించిన యామెకు బిందుసరోవరస్నానముచే ముందే నవయౌవన మిచ్చెను. వయసును తుడిచి పిదప మాతృత్వము నొసగెను. కపిలుడు పుట్టగానే దేవతలు పూలు కురిసిరి. కూతుండ్రేమనుకొనిరో పురాణము చెప్పలేదు. వర మనుపేరున వచ్చిన గర్భమునకు సిగ్గు లేదు. వరము లేక వచ్చినదానికి కథయే లేదు.

పరమతగ్రంథములు ఈ పట్టున మఱింత సూటిగా మాటలాడినవి. బైబులు ఆదికాండమున శారాకు స్త్రీధర్మ ముడిగెనని స్పష్టముగా జెప్పి, బిడ్డ పుట్టునన్న మాట విని యామె లోలోన నవ్వెననియు జెప్పుచున్నది. ఇస్సాకు నామమున కర్థమే నవ్వు. ఖురానులో ఇబ్రాహీము భార్య కేకవేసి ముఖముపై కొట్టుకొని, గొడ్రాలనైన ముదుసలిని గదా యనుచున్నది. లూకా సువార్తలో ఎలీసబెతు గర్భవతియై అయిదు నెలలు మఱుగున నుండెను. నవ్వు, మొత్తుకోలు, మఱుగు: ఈ మూడును నిజమైన స్త్రీ చేయు పనులే. వీనియందును గర్భము దైవదత్తమే. ఐనను గ్రంథకర్తలు వయసును దాచలేదు, తల్లి మొదటి విస్మయమును దాచలేదు. ఎలీసబెతు మఱుగున నున్న అయిదు నెలలనగా సుమారు 20 వారములు. నేటి యిల్లాలు అంతకాలము దాగినచో వైద్యునితో నాలోచించు సమయము చాలవఱకు గడచిపోవును.

ఇంటివారి యసలు భయము వేఱొకటి గలదు: కడగొట్టు బిడ్డను ఎవరు పెంచుదురు? ఈ ప్రశ్నకు మాధవరపు వారు దూరమేగి యుత్తరము వెదకనక్కఱలేదు. 1671లో మంత్రాలయమున బృందావనస్థులైన రాఘవేంద్రస్వాములు పూర్వాశ్రమమున వేంకటనాథుడు. తిమ్మణ్ణభట్టునకును గోపికాంబకును గురురాజు, వేంకటాంబ పుట్టిన పిదప తిరుపతి శ్రీనివాసుని యనుగ్రహమున కలిగిన మూడవ సంతానమని సంప్రదాయము. తండ్రి త్వరలో గతించెను. అన్న గురురాజు పెంచెను. బావ లక్ష్మీనరసింహాచార్యుడు మధురలో చదువు చెప్పెను. గోపికాంబ వయసెంతయో సంప్రదాయము లెక్కింపదు గావున ఆమెను మన ప్రకృతస్త్రీకి సాటి చేయరాదు. కడపటి బిడ్డ తలిదండ్రుల యాయువు మీదనే యాధారపడడనియు, అన్నయు అక్కయు బావయు చేయూతనిత్తురనియు ఆ చరిత్రము చెప్పుటలో సందేహము లేదు. ఆ యన్నకు తమ్ముడు నగుబాటు కాలేదు.

నేటి కథకులకు మార్గము తెఱచియే యున్నది. 2018లో వచ్చిన యొక హిందీ చలనచిత్రము ఎదిగిన కొడుకులు గల తల్లి గర్భమును కథావస్తువుగా గైకొని, కుమారుల సిగ్గును పరిహాసపాత్రము చేసినది. పండితులు చలనచిత్రమును చిన్నచూపు చూడవచ్చును. కాని కావ్యము విడిచిన వస్తువును అది చేపట్టినదని యొప్పుకొనవలెను. తెలుగున ఈ వస్తువును చేపట్టువారు వరమును గాని శాపమును గాని తెచ్చిపెట్టరాదు. ఆమె వయసు నామెకు విడువవలెను. మొదటి వారమున కలుగు దిగులును, కూతురి యెదుట పడలేకపోవుటను, ఉంచుకొనుటయో మానుటయో యను తర్కమును ఉన్నదున్నట్లు చెప్పవలెను. రసమునకు చాలినంత సామగ్రి యందే కలదు.

కడపట నొక్క శబ్దమును స్మరించి ముగింపవచ్చును. ‘అంతర్వత్ని’ యనునది గర్భిణికి పాణిని యంగీకరించిన పేరు. అంతశ్శబ్దము అధికరణార్థకమగు నవ్యయము. ప్రథమాంతముపై రావలసిన మతుప్పునకు దానిపై ప్రాప్తి లేదు. సూత్రక్రమమున రాదగని రూపము. ఐనను చతుర్థాధ్యాయ ప్రథమపాదమున ఆచార్యుడు దానిని నిపాతనముచే సాధించి, నుగాగమము నొసగి, గర్భిణియందు సాధువని నిలిపెను. ప్రాప్తి లేదనుకొన్నచోట వచ్చినంతమాత్రమున నది యపశబ్దము గాలేదు. శబ్దమునకు చూపిన యీ యాదరమును వైయాకరణులు మొదట తమ యింటి యిల్లాండ్రకు చూపుట న్యాయము.