పద్యంలో రాజు, పత్రికలో రాజు

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఆవలి ఒడ్డున కాళేశ్వరం, ఈవలి ఒడ్డున సిరొంచ. మధ్య నీరే గాని మాటలో పెద్ద తేడా లేదు. అయినా 1948 సెప్టెంబరులో ఆవల నిజాం రాజ్యం కూలినప్పుడు ఈవల కూలడానికి ఆ రాజ్యమే లేదు. 1860 నాటి సంధిలోనే నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. సిరొంచ, అహేరి, ముల్చేర ప్రాంతాల విద్యార్థులు దాశరథి కృష్ణమాచార్యను పాఠ్యభాగంగా చదివేటప్పుడు ఈ తేడాను మనసులో పెట్టుకోవాలని మేము భావిస్తాం.

'అగ్నిధార' 1949లో వెలువడింది. అంతకుముందు నిజామాబాదు జైలులో దాశరథి బొగ్గుముక్కతో గోడమీద పద్యాలు రాసిన ఉదంతం ప్రసిద్ధమే. అక్కడ ఆయన తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. నిజాంను ఉద్దేశించిన ఆ పద్యాలలో రాజు ఒకచోట పిశాచం, మరొకచోట ముసలితనం పైబడిన జంతువు. ఒకటి అమితమైన బలాన్ని, రెండోది బలహీనతను చెబుతుంది. కవికి ఈ వైరుధ్యంతో పేచీ లేదు. రెండు చోట్లా రాజు మనిషి కాడన్నదే ఆయనకు కావలసింది. మనిషి కానివాడికి సింహాసనంపై హక్కెక్కడిది? అధికారం క్షీణించడాన్ని దాశరథి వర్ణించలేదు, ఒక్క సంబోధనతో దాన్ని రద్దు చేశాడు. ఈ పద్యాలను కేవలం ఆవేశమని తీసిపారేసే విమర్శకులతో మేము ఏకీభవించలేం. జైలుగోడ మీద రాసేవాడికి తూకం వేసి మాట్లాడే తీరిక ఉండదు.

అయితే చరిత్రగా చదివితే ఇందులో ఒక లోపం కద్దు. 1948 వేసవి నాటికి 62 ఏళ్ళ మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతిలో అధికారం నిజంగా ఎంత ఉంది? కాసిం రజ్వీ, అతని రజాకార్లు ఎంతవరకు లాక్కున్నారు? ఈ ప్రశ్న పద్యంలో తలెత్తదు. దానికి సమాధానం వెతకాలంటే పత్రికల వైపు వెళ్ళాలి. ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు భారతదేశంలో చేరాలని రాశాడు. 1948 ఆగస్టు 22న ఆయనను చంపారు, రాసే చేతిని నరికారు. నెల తిరగకముందే రాజ్యం పోయింది. దిగజారుతున్న అధికారం ఎంత ప్రమాదకరమో ఆ సంపాదకుడికి తెలిసినంతగా ఏ కవికీ తెలియదనిపిస్తుంది.

పత్రిక చూపిన మరో రాజు ఉన్నాడు. 1937 ఫిబ్రవరిలో 'టైమ్' వారపత్రిక ముఖచిత్రం మీద ఉస్మాన్ అలీఖాన్ ప్రపంచంలోకెల్లా ధనవంతుడు. 1949లో బేగంపేట విమానాశ్రయంలో తీసిన ఛాయాచిత్రంలో అదే మనిషి సర్దార్ పటేల్ ముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. పన్నెండేళ్ళలో రెండు బొమ్మలు. రెండోదాన్ని చూసిన వారికి జాలి కలిగితే ఆశ్చర్యం లేదు, మాకూ కలిగింది. ఇక్కడే జాగ్రత్త అవసరం. వెట్టిచాకిరీ, సభ పెట్టుకోవడానికి కూడా అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53, ఇవేవీ ఆ ఫోటోలో కనిపించవు. ఫోటో రాజును మనిషిని చేసింది, పద్యం అలా కానివ్వలేదు. ఒకదాని పక్కన మరొకటి పెట్టి చదవమని విద్యార్థులకు మేము చెప్పేది ఇందుకే.

ఇక ఈవలి ఒడ్డు సంగతి. ఇక్కడి ప్రజలకు ప్రభువులు ఇంగ్లీషువారు, వారి కింద అహేరి గోండు జమీందార్లు. అప్పటి మధ్యప్రదేశ్‌లో 1950 చట్టం ప్రకారం 1951 మార్చి 31న జమీందారీలు రద్దయ్యాయి. ఆ రోజుకు 'అగ్నిధార' వంటి కావ్యం లేదు, బేగంపేట ఫోటో వంటి ఫోటో లేదు. పద్యానికి ఎదురుగా నిలిచిన ప్రభువు కావాలి, వార్తకు ఒక సంఘటన కావాలి. రాజపత్రంలో ఒక ప్రకటనతో ముగిసిన ఏలుబడికి రెండూ దొరకలేదు. మన విద్యార్థులు చాలామంది మరాఠీ మాధ్యమంలో చదివి, ఆవలి ఒడ్డు కథను తెలుగు పాఠంగా నేర్చుకుంటారు. తమ ఊరి కథ ఏ భాషలోనూ పాఠం కాలేదు. ఇంటి పెద్దలు జమీందారును ఏమని పిలిచేవారు, ఎప్పటినుంచి ఆ పిలుపు మానేశారు అన్నది అడిగి రాసుకున్నా అది విమర్శకు పనికివచ్చే సామగ్రే.

పిలుపు మానేశారో లేదో కూడా చూడాలి. అహేరి వంశీయులు తర్వాత ఎన్నికలలో గెలిచి శాసనసభకు వెళ్ళారు. వార్తలలో వారి పేర్ల ముందు 'రాజే' అన్న మాట నేటికీ కనిపిస్తుంది. రాజును పిశాచమన్న దాశరథి సైతం 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఆస్థానకవి అయ్యాడు. 1983లో ఆ పదవిని రద్దు చేసేదాకా ఆ పేరుతోనే కొనసాగాడు.