తిరుగు టపా

వారపత్రికకు కథ పంపేటప్పుడు సొంత చిరునామా రాసి, స్టాంపులు అంటించిన కవరు కూడా జతచేసిన రోజులు గుర్తున్నవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. పోస్ట్‌మాన్ చేతిలో మన దస్తూరీయే మనకు కనబడిందంటే, కవరు విప్పకుండానే సంగతి తెలిసిపోయేది. ఇప్పుడా కవరు లేదు. మెయిల్లో పంపిన కథ గురించి నెలల తరబడి ఏ కబురూ ఉండదు. ఇంకెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం రాసిచ్చాం కాబట్టి వేరేచోటికి పంపనూ లేం. తిప్పి పంపడం కన్నా ఈ మౌనమే మనిషిని ఎక్కువ నలిపేస్తుంది. ‘వేసుకోలేం’ అని ఒక్క ముక్క రాసినా సంపాదకులు మేలు చేసినవాళ్లవుతారు.

కథ తిరిగొస్తే ఏం చెయ్యాలని కొత్తగా రాస్తున్నవాళ్లు అడుగుతుంటారు. ఆ వారం ఏమీ చెయ్యొద్దంటాను. చించొద్దు, దిద్దొద్దు. మనసు కష్టపడ్డ వేడిలో మన కథకు మనం వేసే శిక్ష ఏ సంపాదకుడూ వెయ్యడు.

ఆర్.కె. నారాయణ్ తొలి నవలనే తీసుకోండి. ఇంగ్లండులో ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారు. విసిగిపోయిన నారాయణ్, ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడు పూర్ణకు, ఆ రాతప్రతికి రాయి కట్టి థేమ్స్ నదిలో పడెయ్యమని రాశారు. పూర్ణ ఆ మాట వినలేదు. తీసుకెళ్లి ఇంగ్లీషు నవలా రచయిత గ్రాహమ్ గ్రీన్‌కు చూపించారు. గ్రీన్ పూనుకోబట్టి 1935లో హామిష్ హామిల్టన్ సంస్థ దాన్ని ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ పేరుతో అచ్చువేసింది. వద్దన్నవాళ్లెవరూ నదిలో పడెయ్యమనలేదు. ఆ మాట అన్నది రాసిన మనిషే.

అందుకే రాసేవాళ్లకు ఒక పూర్ణ ఉండాలి. మూడో పేజీ దాకా కథ మొదలవనే లేదని మొహం మీద చెప్పగలిగినవాళ్లు ‘ఇది బాగుంది, ఇంకోచోటికి పంపు’ అంటే నమ్మొచ్చు. నాకు మా పెద్దక్క ఉంది. అక్క వద్దన్న కథలు బీరువా దాటలేదు. అక్క పంపమన్నవాటిని ఎన్నిసార్లు తిరిగొచ్చినా మళ్లీ పంపుతూనే ఉన్నాను.

ఒకసారి అచ్చయితే ఈ బాధ తీరుతుందనుకుంటాం గానీ, నారాయణ్‌కు తీరలేదు. మొదటి పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు. రెండోదాన్ని 1937లో నెల్సన్, మూడోదాన్ని 1938లో మాక్మిలన్ వేశాయి. మూడు నవలలకు ముగ్గురు ప్రచురణకర్తలు! ఆ తొలి ఏళ్లలోనే ఆయన మద్రాసు ‘జస్టిస్’ పత్రికకు మైసూరు విలేఖరిగా ఊరంతా తిరిగి వార్తలు పోగుచేసేవారు. నవల పని కూడా ఆ తిరుగుళ్ల మధ్యనే సాగింది.